కిటికీ రాయబారి

మా మావయ్యకి స్నేహితులతో మాట్లాడటం రాదు. శత్రువులతో మాత్రమే మాట్లాడగలడు.

ఎవరైనా మర్యాదస్తుడు దుకాణంలోకి వచ్చి "బావున్నారా?" అని పలకరిస్తే మావయ్య "ఊ" అంటాడు. వచ్చినవాడు కుర్చీ లాక్కుని ఎండల గురించీ, ధరల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ ఎత్తుకున్నా అన్నిటికీ అదే "ఊ". కాసేపటికి ఆ మనిషికి తనే ఏదో తప్పు చేశానేమోనని అనుమానం వచ్చి లేచి వెళ్ళిపోతాడు. అదే మనిషి మర్నాడు వచ్చి "ఇదేం ఫ్రేమండీ బాబూ, ఓ మూల వంకరగా ఉంది!" అన్నాడా, మావయ్య మొహం దీపం పెట్టినట్టు వెలిగిపోతుంది. పైకి లేస్తాడు. టీ తెప్పిస్తాడు. "వంకర అంటే తమరి ఉద్దేశం ఏమిటి? ఎవరి లెక్కన వంకర?" అని మొదలుపెడతాడు. ఇక ఆ మనిషికి సాయంత్రం దాకా ఇల్లు గుర్తుకు రాదు.

ఆయన దృష్టిలో లోకంలో ఉన్నది రెండే రకాల మనుషులు. శత్రువులు, ఇంకా శత్రువులు కానివాళ్ళు.

అత్తయ్యకి కూడా మినహాయింపు లేదు. అన్నం తింటూ తింటూ హఠాత్తుగా తలెత్తి ప్రకటించేవాడు.

"ఈ కూరలో ఉప్పు విషయమై నీకూ నాకూ యుద్ధం."

"ఉప్పు సరిపోయిందిగా?"

"సరిపోయిందో లేదో తర్వాత తేలుతుంది. సాయంత్రం రాయబారానికి వస్తాను. సిద్ధంగా ఉండు."

సాయంత్రం నిజంగానే చొక్కా వేసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి "రావచ్చా?" అని అడిగేవాడు. అత్తయ్య నావైపు చూసి తల కొట్టుకునేది. "మీ మావయ్యకి పోట్లాట లేకపోతే అన్నం అరగదురా" అనేది. చెయ్యి కడుక్కుని, పీట మాత్రం వేసేది.

మాది ఫోటోలకి ఫ్రేములు కట్టే దుకాణం. ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకీ, పట్టాలకీ, బహుమతులకీ అంచులు కట్టి, అద్దం బిగించి, వెనక అట్ట అతికించి పంపడం మా పని. నా మొహానికి ఇంతవరకూ ఫ్రేము కట్టాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. చదువు మధ్యలో ఆగిపోయింది. ఫ్రేముల వెనక అతికించడానికి తూకానికి కొనే పాత పుస్తకాలున్నాయే, అవే నా బడి. చింపే ముందు చదివేవాణ్ణి. కథ సగంలో ఉండగా ఎవరో వచ్చి ఫ్రేము అర్జెంటనేవాళ్ళు. నాకు తెలిసిన కథల్లో చాలావాటి చివరలు ఇతరుల ఇళ్ళ గోడలకి వేలాడుతున్నాయి.

మావయ్య శత్రువులందరిలోకీ పెద్దవాడు పక్క దుకాణం దర్జీ.

నిజానికి రెండు దుకాణాలూ ఒకే గది. ఇంటాయన రెండు అద్దెలకి ఆశపడి మధ్యలో ప్లైవుడ్ గోడ కొట్టించాడు. ఆ గోడ సరిగ్గా వెళ్ళి వెనక కిటికీకి నట్టనడుమ తగిలింది. ఒక రెక్క మాకు, ఒక రెక్క దర్జీకి. అంతవరకూ బాగానే ఉంది. కానీ రెండు రెక్కలకీ కలిపి అడ్డంగా ఇనప గడియ ఒక్కటే. ప్లైవుడ్‌కి కంత కోసి దాన్ని అటు నుంచి ఇటు దూర్చారు. దాన్ని ఎత్తాలంటే ఆ కొస ఆయన, ఈ కొస మేము ఒకేసారి పట్టుకోవాలి. ఒకడు ఎత్తి ఇంకొకడు ఎత్తకపోతే కంతలో ఇరుక్కుపోతుంది.

దర్జీకి కిటికీ తెరవాలి. చూపు మందగించింది, వెలుతురు లేకపోతే సూదిలో దారం ఎక్కదు. మాకు కిటికీ మూయాలి. గడియ తీస్తే మా రెక్క కూడా గాలికి తెరుచుకుని, బంక ఆరకముందే దుమ్ము పడుతుంది. రోజూ పొద్దున్నే యుద్ధం మొదలు.

"దర్జీ! ఇవాళ కిటికీ తెరిచేది లేదు!"

"అద్దాలాయనా! తెరవకపోతే నా గిరాకీల చొక్కాలకి గుండీలు వీపు మీద కుడతాను, నీదే బాధ్యత!"

"రాయబారానికి వస్తున్నా!"

"రా! నాకేం భయమా?"

మావయ్య బనీను మీద చొక్కా తొడిగి, మెడ దాకా గుండీలు పెట్టుకుని, ముక్కాలిపీట పట్టుకుని బయటికి నడిచేవాడు. అవతలి నుంచి దర్జీ తన పీటతో వచ్చేవాడు. ప్లైవుడ్ గోడ వీధిలోకి వచ్చి ఆగిపోయే చోట ఇద్దరూ పీటలు వేసేవాళ్ళు. "ఇది ఎవరి రాజ్యమూ కాదు" అనేవాడు మావయ్య. నిజమే, అది మునిసిపాలిటీది.

అక్కడ షరతులు మొదలయ్యేవి. మబ్బు వేస్తే ఎంతసేపు తెరవాలి. బంక రాసిన రోజున ఎవరి మాట చెల్లాలి. ఒకరు తుమ్మితే అది ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టా కాదా. దారినపోయేవాళ్ళు ఆగి నవ్వుకునేవాళ్ళు. దర్జీ భార్య లోపలి నుంచి రెండు టీలు తెచ్చి, ఒకటి భర్త చేతికీ ఒకటి శత్రువు చేతికీ ఇచ్చి, "అన్నయ్యా, మీరు తేల్చుకునేలోపు పొద్దుగూకుతుంది. ఇక కిటికీతో పనేముంది?" అనేది. ఆవిడ నవ్వితే రెండు దుకాణాల్లోకీ వినబడేది. ప్లైవుడ్ ఆపేది కాదు.

ఆఖరికి ఏదో ఒకటి కుదిరేది. యుద్ధం ఎంత భీకరంగా జరిగినా, గడియ ఎత్తేటప్పుడు మాత్రం గోడకి చెరోవైపు నిలబడి "ఒకటీ.. రెండూ.. ఊఁ!" అని ఇద్దరూ ఒకే గొంతుతో అనేవాళ్ళు.

ఒకసారి నాకు ఒళ్ళుమండి అడిగాను. "మావయ్యా, కిటికీ కోసం రోజూ ఈ పేచీ ఏమిటి? దీన్ని రాయబారం అంటే నలుగురూ నవ్వుతున్నారు. బేరం అను, సరిపోతుంది."

ఆయన అద్దం కోసే కలం కింద పెట్టాడు. శత్రువు కాని నాతో అంత పొడుగ్గా మాట్లాడటం అదే మొదలు. బహుశా ఆ ప్రశ్నతో నేనూ శత్రువుల జాబితాలో చేరి ఉంటాను.

"బేరం కొనేవాడితో చేస్తార్రా. సలహా అయినవాడితో చేస్తారు. సంధి అంటే కలపడం. అది పనంతా అయ్యాక. ఇక రాజీ. అది బయటి భాష నుంచి వచ్చిన మాట. అసలు అర్థం ఇష్టపడటం అట. రాజీపడ్డ మొహాల్లో నీకెప్పుడైనా ఇష్టం కనిపించిందా?"

"లేదు."

"మరి శత్రువు ఇంకా శత్రువుగా ఉండగానే, కోపం కోపంగా ఉండగానే, వాడి గుమ్మంలోకి వెళ్ళి కూర్చుని మాట్లాడటానికి ఏం మాటుంది? అదొక్కటే. రాయ అంటే రాజు. బారం అంటే బరువు. రాజుగారి బరువు నెత్తిన పెట్టుకుని, కత్తి ఇంట్లో వదిలి, ఒంటరిగా అవతలి కోటలోకి నడిచేవాడు రాయబారి. వాణ్ణి కొట్టకూడదు. వాడికి తలుపు వెయ్యకూడదు. లోకంలో ఇంకెవరికీ లేని హక్కురా అది."

ఆయన చెప్పిన పుట్టుక నిజమో కాదో చూద్దామని పాత నిఘంటువు వెతికాను. 'రా' దాకా ఉంది. 'రాయ' దగ్గర పుట లేదు. ఎవరి పెళ్ళి ఫోటో వెనకో అతికించేశాం. ఆ దంపతులకే ఎక్కువ అవసరమేమో అనుకుని ఊరుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకి దర్జీ భార్య జబ్బుచేసి చనిపోయింది.

ఫోటోకి ఫ్రేము కట్టమని వాళ్ళమ్మాయి తెచ్చి ఇచ్చింది. మావయ్య నన్ను తాకనివ్వలేదు. కళ్ళు మూసుకుని అద్దం కొయ్యగల మనిషి ఆ రోజు రెండు అద్దాలు పగలగొట్టాడు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆవిడ ఆయనకి ఎప్పుడూ శత్రువు కాదు కదా, ఆయన దగ్గర మాటలేం ఉంటాయి?

దర్జీ దుకాణం తెరిచి, లోపల కూర్చుని, తలుపు దగ్గరగా వేసుకునేవాడు. మిషను తొక్కడం మానేశాడు. కిటికీ ఎత్తమని అడగడం మానేశాడు. చీకట్లో అలా కూర్చునేవాడు. పరామర్శకి ఊరంతా వచ్చింది. "ధైర్యంగా ఉండాలి", "కాలమే మరిపిస్తుంది", ఇలా అందరూ తలా ఒక మాటా పట్టుకొచ్చారు. ఆయన అందరికీ ఒకటే జవాబు ఇచ్చాడు, లోపల గొళ్ళెం పెట్టాడు. అమ్మాయి అన్నం తెచ్చి పెడితే కలిపి, అలాగే వదిలేసేవాడు.

అలాంటప్పుడు ఒక పొద్దున మా మావయ్య గోడ మీద సుత్తితో దబదబా బాదాడు.

"దర్జీ! కిటికీ మూసి ఉంచడం వల్ల నాకు నష్టం జరుగుతోంది! తెరవకపోతే యుద్ధం!"

నా ప్రాణం చచ్చిపోయింది. వీధిలో వెళ్ళే ఒకాయన ఆగి "భార్య పోయిన మనిషితో కిటికీ తగువా! మనిషేనా?" అని గట్టిగానే అన్నాడు. అత్తయ్య కూడా ఆ రోజు మావయ్యకి పీట వెయ్యలేదు. నేను ఆయన చెయ్యి పట్టుకుని లాగాను.

"మావయ్యా, ఇన్నాళ్ళూ మూయాలన్నది మనం. తెరవాలన్నది వాళ్ళు."

"షరతులు మారాయి."

"మరి మన బంక మీద దుమ్ము?"

"తుడువు. నీకు జీతం ఎందుకిస్తున్నా?"

 గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత బొంగురుపోయిన గొంతు. "అద్దాలాయనా.. నీకసలు సిగ్గుందా?"

"అది రాయబారంలో తేల్చుకుందాం. బయటికి రా!"

వచ్చాడు. గడ్డం పెరిగి, చొక్కా నలిగి, కళ్ళు ఎండకి ఆగక, మా మావయ్యని తిట్టడానికి వచ్చాడు. బయటివాళ్ళ కోసం గొళ్ళెం తీసింది అదే మొదటిసారి. అన్ని తిట్లు నేను పుస్తకాల్లో కూడా చదవలేదు. మావయ్య మెడ దాకా గుండీలు పెట్టుకుని, పీట మీద కూర్చుని, అన్నీ విన్నాడు. చివర్లో "సరే, రెండో షరతు" అన్నాడు.

అప్పట్నుంచి మళ్ళీ రోజూ మొదలైంది. మధ్యలో టీ తెచ్చే మనిషి లేదు, నవ్వు లేదు, అంతే తేడా. ఇద్దరు పెద్దమనుషులు పీటలేసుకుని కసిగా అరుచుకుంటుంటే చూడటానికి దరిద్రంగా ఉండేది. అయినా చివరికి "ఒకటీ.. రెండూ.. ఊఁ" వినబడేది. కిటికీ తెరుచుకునేది. దర్జీ మొహం మీద వెలుగు పడేది. మా ఫ్రేముల మీద దుమ్ము పడేది. నేను తిట్టుకుంటూ తుడిచేవాణ్ణి.

ఒకరోజు దర్జీ కూతురు వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చింది. వస్తూనే కోపంగా మొదలుపెట్టింది.

"బాబాయ్, మీకు దణ్ణం పెడతాను. మా నాన్నని వదిలెయ్యండి. ఈ గడియ కోయించి రెండు రెక్కలకీ వేరువేరు గడియలు పెట్టిస్తున్నాను. మీ రెక్క మీరే తెరుచుకోండి, మీరే మూసుకోండి. ఆయన జోలికి రాకండి."

మావయ్య నోరు తెరిచాడు. ఆ అమ్మాయి శత్రువు కాదు.  "ఊ" అన్నాడు.

వడ్రంగి ఇనప గడియని రంపంతో కోస్తుంటే మావయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఇంతకాలం ఏ పెద్దమనిషీ తెంచలేని తగువు టీ చల్లారేలోపు తెగిపోయింది. నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది. మా రెక్క మూసేశాను. దుమ్ము లేదు.

దర్జీ రెక్క మూసే ఉండిపోయింది. తెరవమని అడిగేవాళ్ళు లేరు.

వారం తిరక్కుండానే ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి కోపం లేదు. గుమ్మంలోనే నిలబడింది.

"బాబాయ్.. నాన్నతో మళ్ళీ గొడవ పెట్టుకోరూ?"

నేను అద్దం తుడవడం ఆపేశాను.

"మీరు పోట్లాడిన రోజుల్లోనే ఆయన అన్నం తినేవాడు. 'రేపు ఆ అద్దాలాయన ఇలా అంటాడు, నేను ఇలా అంటాను' అని నాతో చెబుతూ చెబుతూ తినేవాడు. నేను గమనించుకోలేదు. ఇప్పుడు ముద్ద ముట్టడం లేదు. గొళ్ళెం తియ్యడం లేదు. మీరు.. మీరు తెలిసే చేశారా?"

మావయ్య తల గోక్కున్నాడు. దొంగతనం బయటపడ్డట్టు మొహం పెట్టాడు.

"వాడు జాలిని గుమ్మం తొక్కనివ్వడమ్మా" అన్నాడు. "ఊరంతా జాలి పట్టుకొచ్చింది, తలుపేశాడు. నేనూ అలా వెళ్తే నాకూ వేసేవాడు. శత్రువుకి వెయ్యలేడు. వేస్తే భయపడ్డాడనుకుంటామని రోషం. పిచ్చి రోషం. అదొక్కటే మిగిలింది వాడికి."

ఆయన ఒక మామూలు మనిషితో, శత్రువు కాని మనిషితో, అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం చూసి నేను ఏ పని చేస్తున్నానో మర్చిపోయాను.

"అయితే వెళ్ళండి" అంది ఆ అమ్మాయి. "ఏదో ఒకటి పెట్టుకోండి."

మావయ్య చొక్కా వేసుకున్నాడు. గుండీలు పెట్టుకున్నాడు. ఒక గుండీ తప్పు కాజాలోకి వెళ్ళింది. పీట పట్టుకుని పక్క గుమ్మం దగ్గరికి వెళ్ళి అరిచాడు. "దర్జీ! నీ మిషను చప్పుడుకి నా అద్దాలు అదురుతున్నాయి! యుద్ధం!"

ఆ మిషను తిరిగి ఎన్నాళ్ళైందో వీధిలో కుక్కలకి కూడా తెలుసు.

లోపల్నుంచి నెమ్మదిగా జవాబు వచ్చింది. "నిజమే. నీదే గెలుపు అద్దాలాయనా. మిషను అమ్మేస్తాను. దుకాణం కూడా ఖాళీ చేస్తాను. ఇక నీకు ఏ ఇబ్బందీ ఉండదు."

మావయ్య పీటతో తిరిగొచ్చాడు. గెలిచిన మనిషిని అంత దీనంగా నేను ఎక్కడా చూడలేదు.

"లొంగిపోయాడ్రా" అన్నాడు. "లొంగిపోయినవాడి దగ్గరికి రాయబారం వెళ్ళే దారి లేదు."

ఆ తర్వాత ఆయన సుత్తి ముట్టలేదు. కుర్చీలో కూర్చుని ప్లైవుడ్ గోడని చూస్తూ ఉండేవాడు. పని నా నెత్తిన పడింది. నాకు సరిగ్గా రాదు. ఓ పెద్దమనిషి ఫ్రేము తిరిగి పట్టుకొచ్చి "ఏమండీ, ఇది వంకరగా ఉంది!" అన్నాడు. నేను ఆశగా మావయ్యవైపు చూశాను. ఆయన ఫ్రేముని తిప్పి తిప్పి చూసి, "నిజమే, వంకరే" అన్నాడు. ఆ పెద్దమనిషి బెదిరిపోయాడు. "అబ్బే, మరీ అంత కాదులెండి, గోడకి సరిపోతుంది" అని చంకలో పెట్టుకుని గబగబా వెళ్ళిపోయాడు.

ఇంట్లో అత్తయ్య కావాలనే కూరలో ఉప్పు వెయ్యకుండా వడ్డించింది. మావయ్య మాట్లాడకుండా తిన్నాడు. అత్తయ్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఉప్పు పక్కన పెట్టింది.

గోడకి అటు మిషను లేదు, ఇటు సుత్తి లేదు. రెండు దుకాణాలూ ఊపిరి బిగపట్టినట్టు ఉండేవి. పాత సామాను కొనేవాడు వచ్చి దర్జీ మిషను చూసి వెళ్ళాడని తెలిసింది. నేను ఆ సంగతి చెబితే మావయ్య వినబడనట్టు కళ్ళు మూసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం మా గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు అనిపించి తలెత్తాను. దర్జీ. నీళ్ళోసుకుని, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మెడలో కొలత టేపు వేలాడుతోంది. మావయ్యని ఎగాదిగా చూశాడు. కళ్ళు లోతుకి పోయిన ఆ మొహాన్నీ, బల్ల మీద దుమ్ము పట్టిన సుత్తినీ చూశాడు.

"నీ సుత్తి చప్పుడు లేక నాకు తోచక వచ్చాననుకోకు" అన్నాడు కటువుగా.

మావయ్య కదల్లేదు.

"నీకు ఒంట్లో ఎలా ఉందో చూద్దామని వచ్చాననీ అనుకోకు."

"మరెందుకొచ్చావ్?"

దర్జీ గొంతు సవరించుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. ఏదో వెతుక్కుంటున్నట్టు మా గుమ్మం పైకి చూశాడు.

"నీ దుకాణం బోర్డు నీడ నా గుమ్మం మీద పడుతోంది. నేనొప్పుకోను. యుద్ధం."

మావయ్య ఆయన మొహంలోకి చూశాడు.  ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ఎవరూ తుడుచుకోలేదు, శత్రువు ముందు బాగుండదని కాబోలు.

"ఎంత మేర పడుతోంది?" అన్నాడు మావయ్య.

"జానెడు."

"జానెడా! పచ్చి అబద్ధం. బెత్తెడుకి మించితే నా పేరు మార్చుకుంటాను."

"మాటలెందుకు? కొలుద్దాం రా!"

ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ బయటికి నడిచారు. నేనూ గుమ్మంలోకి వెళ్ళాను. పొద్దుట్నుంచీ ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. వీధిలో మనిషికి గానీ, స్తంభానికి గానీ ఎక్కడా నీడన్నది లేదు. వాళ్ళిద్దరూ గొంతుక్కూర్చుని, టేపుకి చెరో కొసా పట్టుకుని, ఖాళీ నేలని కొలుస్తున్నారు.

"సరిగ్గా పట్టుకోవయ్యా!"

"నేను సరిగ్గానే పట్టుకున్నాను. ముందు నువ్వు ఆ నీడ మీంచి కాలు తియ్యి!"